"ఈ ఏడాది ఏం కనిపెట్టారు?" అని అబ్జర్వేటరీని అడగొద్దు

భూభౌతిక అబ్జర్వేటరీలకు, అంటే భూమి అయస్కాంత క్షేత్రం లాంటివాటిని ఏళ్ల తరబడి కొలిచే కేంద్రాలకు, డబ్బిచ్చేవాళ్లు ఏటా ఒక ప్రశ్న అడుగుతారు: ఈ ఏడాది కొత్తగా ఏం కనిపెట్టారు? ఆ ప్రశ్న వింటే నాకు ఒళ్లు మండుతుంది. అడిగేవాళ్లు చెడ్డవాళ్లని కాదు. ప్రజల సొమ్ముకి లెక్క అడగడం వాళ్ల బాధ్యత. కానీ ఈ ప్రశ్నకి ఏటా ఏదో ఒక జవాబు చూపించాలని తాపత్రయపడే అబ్జర్వేటరీ కొన్నేళ్లు తిరిగేసరికి అబ్జర్వేటరీగా మిగలదు. పరిశోధన సంస్థగా మిగలొచ్చు, కాన్ఫరెన్సులు జరుపుకోవచ్చు, పేపర్లు అచ్చేసుకోవచ్చు. కొలత మాత్రం పోతుంది.

నేను భూమి అయస్కాంత క్షేత్రం డేటాతో పనిచేస్తుంటాను. కొలిచేది నేను కాదు. ఎక్కడో ఊరికి దూరంగా ఉన్న అబ్జర్వేటరీల్లో వేరేవాళ్లు కొలిచి పంపిన అంకెల్ని ముందేసుకుని కూర్చోవడం నా పని. వాళ్లు కొలవకపోతే నాకు పనే లేదు. కాబట్టి ఈ వాదనలో నా స్వార్థం కొంత ఉందని ముందే చెప్పేస్తున్నాను.

ముందుగా ఒక పాత సంగతి. దిక్సూచి ముల్లు సరిగ్గా ఉత్తరాన్ని చూపదు. కాస్త పక్కకి తిరిగి ఉంటుంది. ఆ కోణాన్ని దిక్పాతం అంటారు. 1580లో లండన్ దగ్గర విలియం బరో అనే నావికుడు దాన్ని కొలిస్తే తూర్పుకి 11 డిగ్రీల పైచిలుకు వచ్చింది. 1622లో ఎడ్మండ్ గంటర్ కొలిస్తే 6 డిగ్రీల దగ్గర తేలింది. బరో ఎక్కడో పొరబడ్డాడని అనుకుని ఉండొచ్చు, అలా అనుకోవడమే సహజం కూడా. 1634లో హెన్రీ గెలిబ్రాండ్ కొలిస్తే 4 డిగ్రీలే. ముగ్గురి అంకెల్నీ పక్కపక్కన పెట్టి చూశాక, మరుసటి ఏడాది ఆయన రాశాడు: పొరపాటు ఎవరిదీ కాదు, దిక్పాతమే కాలంతోపాటు మారుతోంది అని.

ఇప్పుడు బరోని మన కమిటీ ముందు నిలబెట్టి చూడండి. ఏం కనిపెట్టావయ్యా? "ముల్లు 11 డిగ్రీలు పక్కకి ఉంది సార్." ఆ మాత్రం దానికి గ్రాంటు దేనికి? అందులో కొత్తేముంది? నిజంగానే ఏమీ లేదు. ఆయన కొలతకి విలువ యాభై నాలుగేళ్ల తర్వాత వచ్చింది, అదీ ఇంకొకరి చేతిలో. భూమి లోపల మూడు వేల కిలోమీటర్ల లోతున కరిగిన ఇనుము కదులుతూ ఉంటుంది కాబట్టే ముల్లు తిరుగుతుందని మనకి తెలిసింది ఇంకో మూడు వందల ఏళ్లకి.

ఇదంతా పాత కాలపు ముచ్చట, ఇప్పుడు డిజిటల్ పరికరాలున్నాయి, సెకనుకో రీడింగు దానంతటదే వస్తుంది, మధ్యలో మనిషితో పనేముంది అని అడిగేవాళ్లున్నారు. బయటివాళ్లు ఎక్కువగా తప్పుగా అర్థం చేసుకునేది ఇక్కడే. అందుకని ఈ సంగతి కాస్త నిదానంగా చెబుతాను.

అయస్కాంత అబ్జర్వేటరీలో నిరంతరం నడిచే పరికరం పేరు వేరియోమీటర్. అది మార్పుని మాత్రమే కొలుస్తుంది. నిన్నటికీ ఇవాళ్టికీ, ఈ సెకనుకీ ముందు సెకనుకీ తేడా ఎంతో చెబుతుంది. అసలు విలువ ఎంత అంటే దానికి తెలియదు. పైగా అది మెల్లగా జారుతూ ఉంటుంది. ఎండాకాలం గది వేడెక్కితే ఒక రకంగా, వానలకి నేల మెత్తబడి అది కూర్చున్న స్తంభం వెంట్రుకవాసి ఒరిగితే ఇంకో రకంగా. కిరాణా కొట్టు తక్కెడని అప్పుడప్పుడూ ముద్ర వేసిన తూకపు రాళ్లతో సరిచూడాల్సి వచ్చినట్టే దీన్నీ సరిచూస్తూ ఉండాలి. ఆ సరిచూసే పనికి అబ్సల్యూట్ మెజర్‌మెంట్ అని పేరు. అది చాలాచోట్ల ఇప్పటికీ వారానికి ఒకటి రెండు సార్లు మనిషి చేత్తో చేసేదే.

ఎలా చేస్తారంటే, చిన్న గది ఉంటుంది. దానికి ఇనప మేకులుండవు, బందులు ఇత్తడివో రాగివో. లోపలికి వెళ్లే మనిషి ఫోను, తాళాలు, బెల్టు, వాచీ బయట పెట్టాలి. కళ్లజోడు ఫ్రేములో ఉక్కు ఉంటే అదీ బయటే. మధ్యలో రాతి స్తంభం, దాని మీద అయస్కాంత గుణం లేని లోహంతో చేసిన థియోడొలైట్ (కోణాలు కొలిచే పరికరం), దాని టెలిస్కోపు వీపు మీద అయస్కాంత క్షేత్రాన్ని పసిగట్టే వేలెడంత ఫ్లక్స్‌గేట్ సెన్సర్. ముందు కిటికీలోంచి దూరంగా పాతిన గుర్తుని టెలిస్కోపులో చూసి కోణం రాసుకుంటారు. ఆ గుర్తు నిజమైన ఉత్తరానికి ఎంత కోణంలో ఉందో ముందే తెలుసు. తర్వాత టెలిస్కోపుని అడ్డంగా పెట్టి మెల్లమెల్లగా తిప్పుతారు. సెన్సర్ సున్నా చూపిందంటే అది అయస్కాంత క్షేత్రానికి సరిగ్గా లంబంగా ఉన్నట్టు. ఆ కోణం రాసుకుంటారు. సెన్సర్ టెలిస్కోపు మీద ఎప్పుడూ సూటిగా బిగిసి ఉండదు, ఎంతో కొంత వంకర తప్పదు. అందుకని టెలిస్కోపుని బోర్లించి మళ్లీ, అటు తిప్పి మళ్లీ, ఇటు బోర్లించి మళ్లీ, మొత్తం నాలుగు స్థితుల్లో చదువుతారు. నాలుగింటి సగటు తీస్తే ఆ వంకర తనంతట తనే కొట్టుకుపోతుంది. ఇదే వరస నిలువు తలంలో ఇంకో నాలుగు సార్లు చేస్తే క్షేత్రం నేలకి ఎంత వాలి ఉందో, అంటే అవపాతం, తెలుస్తుంది. చివర్లో మళ్లీ కిటికీలోంచి ఆ గుర్తుని చూస్తారు, ఈలోగా స్తంభం మీద థియోడొలైట్ కదల్లేదు కదా అని.

ఎంత సన్నటి పని అంటే, క్షేత్రం 40,000 నానోటెస్లాలు (క్షేత్రం బలాన్ని కొలిచే ప్రమాణం) ఉన్న చోట కోణంలో ఒక్క ఆర్క్ సెకను, అంటే డిగ్రీలో 3,600వ వంతు, తప్పితే లెక్కలో దాదాపు 0.2 నానోటెస్లా తేడా వస్తుంది. నాకు తెలిసిన పరిశీలకుల్లో మంచివాళ్ల చేతికి ఒక లయ ఉంటుంది. మరను తిప్పేటప్పుడు సున్నాని దాటనివ్వరు, దాటించి వెనక్కి లాగరు. నేను ఒకసారి పక్కన నిలబడి చూశాను. ఆయన ఊపిరి బిగబట్టడం కూడా కొలతలో భాగమే అనిపించింది. బయటికొచ్చాక అడిగితే, "అలవాటండీ, ఆలోచిస్తే చెయ్యి వణుకుతుంది" అన్నారు.

ఇంత కష్టం ఎందుకంటే, భూమి నడిబొడ్డు నుంచి వచ్చే మార్పు కూడా మెల్లగా వచ్చేదే. ఏడాదికి కొన్ని పదుల నానోటెస్లాలు. ఆ మార్పు వేగంలో హఠాత్తుగా వచ్చే మలుపుల్ని జెర్కులు అంటారు. 1969 ప్రాంతంలో అలాంటిది ఒకటి జరిగిందని ఫ్రెంచి పరిశోధకులు 1978లో బయటపెట్టారు. దొరికింది ఎక్కడ? అబ్జర్వేటరీల వార్షిక సగటుల్లో. ఆ మలుపు ఏడాదికి కొన్ని నానోటెస్లాల తేడా మాత్రమే. మీ వేరియోమీటర్ ఏడాదికి అయిదు నానోటెస్లాలు జారుతోందనుకోండి, వారం వారం సరిచూసే మనిషి లేడనుకోండి. ఆ గ్రాఫులో కనిపించే వంపు భూగోళం గుండెలోదా, గదిలో ఒరిగిన స్తంభానిదా? చెప్పడానికి దారే లేదు. ఎంత పెద్ద కంప్యూటర్ పెట్టినా లేదు. రెండూ అచ్చు ఒకేలా ఉంటాయి. అందుకే అబ్జర్వేటరీల అంతర్జాతీయ కూటమి ఇంటర్‌మాగ్నెట్ తుది డేటా అసలు విలువకి 5 నానోటెస్లాల లోపు ఉండాలని నియమం పెట్టుకుంది.

ఈ పనిని కూడా తనంతట తానే చేసే యంత్రాలు వచ్చాయి. బెల్జియంలో తయారైనవి ఉన్నాయి, బాగానే పనిచేస్తున్నాయి. నాకు వాటితో పేచీ లేదు. కానీ ఆ యంత్రాన్ని సరిచూడ్డానికి మళ్లీ చెయ్యి తిరిగిన మనిషే కావాలి. ఆ మనిషి రిటైరైతే పోస్టు ఖాళీగా ఉంచేయడం చాలాచోట్ల మామూలైపోయింది. పరికరానికి టెండరు పిలవడం తేలిక. చెయ్యి తిరగడానికి ఏళ్లు పడుతుంది, దానికి టెండరు లేదు.

ఇక కొలాబా సంగతికి వస్తాను. ఈ రంగంలో ఉన్నవాళ్లందరికీ తెలిసిందే, బయట మాత్రం వినని వాళ్లే ఎక్కువ. బొంబాయిలో ఈస్టిండియా కంపెనీ 1826లో కొలాబా అబ్జర్వేటరీ పెట్టింది. 1841లో అక్కడ అయస్కాంత కొలతలు మొదలయ్యాయి. పరిశీలకుడు గంటకోసారి వెళ్లి చూసి, చూసింది రిజిస్టరులో రాయాలి. రాత్రయినా, పండగైనా, వానైనా. పద్దెనిమిదేళ్లు ఇదే పని. విసుగు పుట్టించే పని అంటే ఇంతకు మించింది ఉండదు.

1859 సెప్టెంబరు 1న ఇంగ్లండులో రిచర్డ్ కారింగ్టన్ సూర్యుడి మచ్చల దగ్గర తళుక్కుమన్న వెలుగుని చూశాడు. పదిహేడు గంటల తర్వాత భూమి మీద అయస్కాంత తుఫాను, అంటే క్షేత్రంలో పెద్ద అలజడి, విరుచుకుపడింది. టెలిగ్రాఫు ఆఫీసుల్లో నిప్పురవ్వలు రేగాయి, మామూలుగా ధ్రువాల వైపు మాత్రమే కనిపించే అరోరాలనే వెలుగులు ఉష్ణమండలం దగ్గర్లో కూడా ఆకాశంలో కనిపించాయి. యూరప్‌లో అప్పటికే ఫొటోగ్రాఫిక్ కాగితం మీద దానంతటదే గీసుకునే ఆధునిక పరికరాలు వచ్చేశాయి. తుఫాను ముదిరేసరికి ఆ గీతలు కాగితం అంచు దాటి బయటికి వెళ్లిపోయాయి. కొలాబాలో మాత్రం మనిషి ఉన్నాడు. ఏదో జరుగుతోందని గమనించి, గంటకోసారి కాకుండా పదిహేను నిమిషాలకోసారి, ఒక్కోసారి అయిదు నిమిషాలకోసారి చదివి రాశారు. సెప్టెంబరు 2 ఉదయం క్షేత్రపు క్షితిజ సమాంతర అంశం (నేలకి సమాంతరంగా ఉండే భాగం) సుమారు 1,600 నానోటెస్లాలు పడిపోయినట్టు ఆ రిజిస్టరు చెబుతుంది. అప్పుడు అక్కడ నిలబడి రాసినవాళ్ల పేర్లు ఈ కథ చెప్పే ఎవరి నోటా నేను వినలేదు.

ఆ అంకెల మీద గట్టి విశ్లేషణ 2003లో వచ్చింది. నూట నలభై నాలుగేళ్ల తర్వాత! ఈలోగా 1989 మార్చి 13న దానికంటే చిన్న తుఫాను ఒకటి కెనడాలోని క్యుబెక్ విద్యుత్ వ్యవస్థని నిమిషంన్నరలో కూల్చేసింది. అరవై లక్షల మంది తొమ్మిది గంటల పాటు చీకట్లో ఉన్నారు. అప్పటి నుంచి కరెంటు కంపెనీలకి, ఇన్సూరెన్సు కంపెనీలకి, ఉపగ్రహాలు నడిపేవాళ్లకి ఒకటే టెన్షన్: ఇంతకంటే పెద్దది ఎంత పెద్దది రావొచ్చు? దానికి జవాబు వెతికే ప్రతివాళ్లూ కొలాబా రిజిస్టరు దగ్గరికి రావాల్సిందే. 1859 తుఫాను ప్రపంచం మొత్తానికి ఎంత తీవ్రమైనదన్న వాదన ఇంకా తెగలేదు. ఆ 1,600లో ఎంత భాగం స్థానికం, ఎంత భాగం ప్రపంచవ్యాప్తం అన్న దగ్గర పండితులు కొట్టుకుంటున్నారు. కొట్టుకోవడానికైనా అంకె ఒకటి ఉంది కదా.

ఉపగ్రహాలున్నాయి కదా, నేల మీద ఈ గుడిసెలెందుకు అన్నది ఇంకో అభ్యంతరం. కాస్త చదువుకున్నవాళ్ల నుంచి వస్తుంది కాబట్టి దీన్ని నేను తేలిగ్గా తీసుకోను. 2013 నవంబరులో ఎగిరిన మూడు స్వార్మ్ ఉపగ్రహాలు భూమంతా చుట్టి కొలుస్తాయి. సముద్రాల మీద అబ్జర్వేటరీలు కట్టలేం, అవి ఆ లోటు తీరుస్తాయి. నా పనిలో సగం వాటి డేటాతోనే. కానీ ఉపగ్రహం గంటకి వేల కిలోమీటర్లు పరిగెడుతుంది. అంకె మారిందంటే కాలం వల్ల మారిందా, చోటు మారడం వల్లా అన్నది దానికి తెలియదు. నేల మీది అబ్జర్వేటరీ కదలదు కాబట్టి తెలుస్తుంది. ఇంకో చిక్కు కూడా ఉంది. సుమారు 110 కిలోమీటర్ల ఎత్తున, అయనోస్ఫియర్ అనే వాతావరణపు పై పొరలో, పగటిపూట విద్యుత్ ప్రవాహాలు నడుస్తాయి. స్వార్మ్ తిరిగేది అంతకంటే ఎంతో పైన. దాని లెక్కన భూగర్భం నుంచి వచ్చే క్షేత్రమూ కిందే, ఈ ప్రవాహాల క్షేత్రమూ కిందే. అబ్జర్వేటరీకి ఒకటి కాళ్ల కింద, ఇంకొకటి నెత్తి మీద. రెండింటినీ విడదీయాలంటే రెండు చోట్ల నుంచీ చూడాలి.

పైగా ఉపగ్రహం ప్రాజెక్టు. ప్రాజెక్టుకి ముగింపు తేదీ ఉంటుంది. మాగ్‌శాట్ అనే ఉపగ్రహం 1979 చివర్లో ఎగిరి 1980 మధ్యలో రాలిపోయింది. క్షేత్రాన్ని అంత నిక్కచ్చిగా కొలిచే తర్వాతి ఉపగ్రహం ఓర్‌స్టెడ్ ఎగిరింది 1999లో. మధ్యలో పందొమ్మిదేళ్లు భూగర్భం ఏం చేసిందో చెప్పింది ఈ గుడిసెలే. ఫోన్లలో దిక్సూచి యాప్ దగ్గర్నుంచి విమానాల దాకా వాడే వరల్డ్ మాగ్నెటిక్ మోడల్‌ని అయిదేళ్లకోసారి సవరిస్తారు. ఉత్తర అయస్కాంత ధ్రువం కెనడా వైపు నుంచి సైబీరియా వైపు ఏడాదికి 50 కిలోమీటర్ల వేగంతో పరుగెత్తడం, మధ్యలో 2016లో ఒక జెర్కు రావడంతో, 2015 మోడల్ గడువుకి ముందే తప్పులు చూపించింది. 2019 జనవరిలో మధ్యంతర సవరణ విడుదల చేద్దామనుకుంటే అమెరికా ప్రభుత్వం షట్‌డౌన్‌లో ఉంది. ఫిబ్రవరికి గానీ రాలేదు. బడ్జెట్ గొడవ తేలేదాకా ధ్రువం ఆగలేదు.

అబ్జర్వేటరీకి ఇంకో ఉపయోగం ఉంది. ఇది పెద్దగా ఎవరూ చెప్పరు, నాకు మాత్రం అన్నిటికంటే విలువైనది: "కాదు" అని చెప్పగలగడం.

1989 అక్టోబరు 17న కాలిఫోర్నియాలో లోమా ప్రియెటా భూకంపం వచ్చింది, తీవ్రత 6.9. భూకంప కేంద్రానికి ఏడు కిలోమీటర్ల దూరంలో, కొరలిటోస్ అనే చోట, వేరే పని కోసం పెట్టిన అయస్కాంత సెన్సర్ ఒకటి ఉంది. సుమారు రెండు వారాల ముందు నుంచి దాని రీడింగులు పెరిగాయని, భూకంపానికి మూడు గంటల ముందు విపరీతంగా పెరిగాయని 1990లో పేపరు వచ్చింది. ఇక చూడండి. భూకంపాన్ని ముందే చెప్పే దారి దొరికిందన్న ఆశ ప్రపంచమంతా పాకింది. రాసినవాళ్లు మోసగాళ్లేం కాదు, కనిపించింది రాశారు. ఆ ఒక్క పేపరు ఆధారంగా ఇరవై ఏళ్ల పాటు ఎన్నో చోట్ల సెన్సర్లు పాతారు, కంపెనీలు కూడా పుట్టాయి.

2009లో కొందరు ఆ డేటాని తీసి, అదే రోజుల్లో మామూలు అబ్జర్వేటరీలు నమోదు చేసిన డేటా పక్కన పెట్టారు. వాటిలో కాలిఫోర్నియాలోని ఫ్రెస్నో ఉంది, జపాన్‌లోని కకియోకా ఉంది. ప్రపంచమంతటా ఒకేలా కనిపించాల్సిన సహజమైన హెచ్చుతగ్గులు కొరలిటోస్ రికార్డులో ఉండాల్సినట్టు లేవు. భూమి సంకేతం కాదు, సెన్సర్ వ్యవస్థలోనే లోపమని తేల్చారు. భూకంపం గురించి ఏమీ కనిపెట్టాలని అనుకోని అబ్జర్వేటరీలు, తమ పాటికి తాము సరిగ్గా కొలుస్తూ పోయినందువల్ల, ఇరవై ఏళ్ల భ్రమకి తెర దించాయి. ఇప్పటికీ ఎక్కడ పెద్ద భూకంపం వచ్చినా నెల తిరక్కముందే "ముందస్తు అయస్కాంత సంకేతం" అంటూ వాట్సాప్‌లో మెసేజీలు తిరుగుతాయి. వాటిని నిలబెట్టి అడగాలంటే ఏ భూకంపమూ రాని వేల రోజుల నిక్కచ్చి రికార్డు కావాలి. మామూలు రోజులు ఎలా ఉంటాయో తెలియనివాడికి ప్రతి రోజూ అసాధారణమే. ఆ మామూలు రోజుల్ని కొలవడానికి ఏ ప్రాజెక్టు ప్రపోజలూ ఒప్పుకోదు.

ఎవరికి ఎప్పుడు ఏం పనికొస్తుందో ముందే తెలియదు అనడానికి భూకంపశాస్త్రం పుట్టుకే చాలు. 1889 ఏప్రిల్ 17న జర్మనీలోని పోట్స్‌డామ్‌లో ఎర్నస్ట్ ఫాన్ రెబెర్-పాష్విట్జ్ లోలకంతో సూర్యచంద్రుల ఆకర్షణకి నేల ఎంత వాలుతుందో కొలుస్తున్నాడు. ఆ రోజు గీత అదిరింది. తర్వాత ఆయన ఒక పత్రికలో జపాన్ భూకంపం వార్త చదివి, రెండు సమయాల్నీ కలిపి చూశాడు. భూకంపాన్ని ప్రపంచం అవతలి నుంచి నమోదు చేయవచ్చని అలా తెలిసింది. ఆయన గ్రాంటు అడిగింది దేనికి, దొరికింది ఏమిటి!

ఇప్పుడు ట్రాముల గొడవ. నన్నడిగితే అబ్జర్వేటరీల చరిత్ర అంటే సగం ట్రాముల నుంచి పారిపోయిన చరిత్రే. డైరెక్ట్ కరెంటుతో నడిచే ట్రామో రైలో దగ్గర్లోకి వస్తే, పట్టాల్లోంచి నేలలోకి కారే కరెంటు చుట్టుపక్కల అయస్కాంత క్షేత్రాన్ని పాడుచేస్తుంది. కొన్ని కిలోమీటర్ల దూరం కూడా చాలదు. లండన్ దగ్గరి క్యూ నుంచి కొలతలు 1908లో స్కాట్లండులోని ఎస్క్‌డేల్‌మ్యూర్‌కి వెళ్లిపోయాయి. గ్రీనిచ్ నుంచి 1920లలో అబింజర్‌కి, అక్కడికీ రైలు కరెంటు వెంటపడితే 1957లో హార్ట్‌లాండ్‌కి. పోట్స్‌డామ్ వాళ్లు సెడిన్‌కి, 1930లో నీమెక్‌కి. ఎవరూ ఇష్టపడి వెళ్లలేదు.

ఇల్లు మారినంత తేలిక కాదిది. కొత్తచోట రాయి వేరు, నేల వేరు, క్షేత్రం వేరు. పాత వరసకీ కొత్త వరసకీ అతుకు పడాలి. అతుకు సరిగ్గా పడకపోతే ఏమవుతుందో చెప్పడానికి ఏఏ సూచిక కంటే మంచి ఉదాహరణ లేదు. ఇంగ్లండులో ఒకటి, దానికి భూగోళం అవతల ఆస్ట్రేలియాలో ఒకటి, రెండు అబ్జర్వేటరీల రికార్డుల నుంచి 1868 దాకా వెనక్కి లెక్కగట్టిన అయస్కాంత అలజడి సూచిక అది. దాని ఆధారంగా, సూర్యుడి కరోనా (సూర్యుడి చుట్టూ ఉండే పై వాతావరణం) అయస్కాంత క్షేత్రం వందేళ్లలో రెట్టింపయిందని 1999లో నేచర్ పత్రికలో పేపరు వచ్చింది. చర్చ రేగింది. తవ్వుకుంటూ పోతే తేలిందేమిటంటే, 1957లో అబింజర్ నుంచి హార్ట్‌లాండ్‌కి మారిన అతుకు దగ్గర సూచికలో చిన్న మెట్టు ఉంది. రెండు మూడు నానోటెస్లాలంతే. సూర్యుడు ఎంత మారాడన్న ప్రశ్నకి జవాబు, ఒక రైల్వే లైను కారణంగా సర్దుకుని వెళ్లిపోయిన గదుల మీద ఆధారపడింది. ఆ అతుకుల్ని సరిచేసిన కొత్త వరస 2018లో గానీ రాలేదు. సూర్యుడి క్షేత్రం పెరిగిన మాట నిజమేనని, మొదట అనుకున్నంత కాదని ఇప్పుడు ఎక్కువమంది అంటారు.

కొలాబాకీ ఇదే కష్టం వచ్చింది. బొంబాయిలో గుర్రపు ట్రాములు పోయి కరెంటు ట్రాములు రాబోతున్నాయని తెలిసింది. అప్పటి డైరెక్టరు నానాభాయ్ మూస్, ఆ పదవిలోకి వచ్చిన తొలి భారతీయుడు. ట్రాములు రాకముందే సుమారు 30 కిలోమీటర్ల దూరంలోని అలీబాగ్‌లో అయస్కాంత గుణం లేని రాయితో, ఇనుము లేకుండా గదులు కట్టించి, 1904లో కొలతలు మొదలుపెట్టించాడు. ఇక్కడ ఆయన చేసిన తెలివైన పని, కొలాబాని వెంటనే మూసెయ్యకపోవడం. 1906 దాకా రెండు చోట్లా కొలిచారు. రెండు చోట్లకీ తేడా ఎంతో తెలిసింది కాబట్టే 1841లో మొదలైన వరస ఇవాళ్టికీ ఒకే తాడుగా ఉంది.

జపాన్‌లో ఇంకో రకం. టోక్యో ట్రాముల వల్ల అక్కడి అబ్జర్వేటరీ 1913లో ఇబరాకి ప్రాంతంలోని కకియోకాకి మారింది. తర్వాత రైళ్లు అక్కడికీ వచ్చాయి. ఈసారి మాత్రం అబ్జర్వేటరీ కదల్లేదు, రైలే సర్దుకుంది. అబ్జర్వేటరీ చుట్టూ డైరెక్ట్ కరెంటు రైలు కొలతకి అడ్డం రాకూడదని నియమం ఉంది. అందుకే టోక్యో నుంచి అటు వెళ్లే జోబన్ లైను దారి మధ్యలో డైరెక్ట్ కరెంటు నుంచి ఆల్టర్నేటింగ్ కరెంటుకి మారుతుంది. పాత బండ్లలో ఆ మారే చోట దీపాలు ఒక్కక్షణం ఆరిపోయేవి. 2005లో మొదలైన త్సుకుబా ఎక్స్‌ప్రెస్‌దీ అదే పద్ధతి. రెండు రకాల కరెంటుకీ పనికొచ్చే బండ్లు ఖరీదెక్కువ. ఆ భారం మోసే జనానికి విసుగు రావడంలో ఆశ్చర్యం లేదు. అయినా అంత ఖర్చుకి ఒక సమాజం ఒప్పుకుందన్నది నాకు ఏ ఆవిష్కరణ కంటే తక్కువగా కనపడదు.

మా వైపు తప్పులు లేవని కాదు. కొలిచి దాచుకునే జబ్బు ఈ రంగంలో పాతదే. ఒక సంస్థని కొన్ని పాత గంటవారీ విలువలు అడిగితే ముందు దరఖాస్తు నమూనా పంపారు, తర్వాత పై అధికారి సంతకం కావాలన్నారు, చివరికి వంకరగా స్కాన్ చేసిన పేజీలు వచ్చాయి. సగం పేజీల్లో కుడివైపు కాలమ్ బైండింగులో కలిసిపోయింది. ఇంకోచోట ఫొటోగ్రాఫిక్ రికార్డుల బీరువా తాళం ఎవరి దగ్గరుందో ఎవరికీ తెలియదు. ప్రజల డబ్బుతో వందేళ్లు కొలిచి పురుగులకి మేపుతుంటే, "ఏం కనిపెట్టారు" అని అడిగేవాళ్ల మీద కోపం తెచ్చుకునే హక్కు మాకెక్కడిది? డేటా బయట పెట్టని అబ్జర్వేటరీకి డబ్బు ఆపేసినా నేను అడ్డం పడను. ఉన్న ప్రతి అబ్జర్వేటరీనీ కాపాడాలని కూడా అనను. పదేళ్లుగా అబ్సల్యూట్ కొలత లేకుండా వేరియోమీటర్ మాత్రం నడుపుతున్న చోటు ఉంటే దాన్ని మూసేసి, ఆ మనుషుల్ని, ఆ డబ్బునీ బాగా నడిచే చోటికి పంపడమే మేలు.

కాబట్టి లెక్క అడగండి, కానీ సరైన లెక్క అడగండి. ఈ ఏడాది ఎన్ని రోజుల డేటా పోయింది? బేస్‌లైన్, అంటే వేరియోమీటర్ రీడింగుకీ అసలు విలువకీ ఉన్న తేడా, ఎంత జారింది, ఎందుకు జారింది? కొలత జరిగిన ఎన్నాళ్లకి అందరికీ అందుబాటులోకి వచ్చింది? పాత రిజిస్టర్లలో ఎన్ని పేజీలు కంప్యూటర్లోకి ఎక్కాయి? అబ్సల్యూట్ కొలత చేయగలిగిన వాళ్లు ఎందరున్నారు, వాళ్ల దగ్గర నేర్చుకుంటున్న వాళ్లు ఎందరు? ఈ అయిదింటికీ సూటిగా జవాబులు రాయొచ్చు, ఎవరైనా సరిచూడొచ్చు. పేపర్ల సంఖ్య ఆ పట్టికలో అక్కర్లేదు. పేపర్లు ఎలాగూ మాలాంటి వాళ్లం రాస్తాం. రాసినప్పుడు కొలిచినవాళ్ల పేర్లు డేటాతోపాటు ప్రస్తావించడం పత్రికలు తప్పనిసరి చేయాలి. ఇప్పుడు చివర్లో కృతజ్ఞతల పేరాలో సంస్థ పేరొకటి పడేసి ఊరుకుంటున్నాం.

డబ్బు విషయంలో నేను అడిగేది ఒక్కటే. అబ్జర్వేటరీని మూడేళ్ల ప్రాజెక్టుల పద్దులోంచి తీసి, వాతావరణ కేంద్రాల్లాగా, భూమి సర్వేలాగా శాశ్వత పద్దులో పెట్టండి. నగరం పెరగకుండా ఎవరూ ఆపలేరు, మెట్రో లైన్లు వద్దని నేనూ అనను, నేనూ ఎక్కుతాను. కానీ అబ్జర్వేటరీ పక్కన లైను వేసేటప్పుడు ఆ ప్రాజెక్టు అంచనా ఖర్చులోనే కొత్త స్థలం, ఇనుము లేని గదులు, రెండు చోట్లా కలిపి కొలిచే సిబ్బంది జీతాలు చేరాలి. ఆ జంట కొలతలు ఎన్నాళ్లు జరగాలంటే, మూస్ 1904 నుంచి 1906 దాకా చేయించాడు. అంతకు తక్కువ కాలం రాసిన అంచనా మీద అబ్జర్వేటరీ డైరెక్టరు సంతకం పెట్టకూడదు.